పడవలు పోయిన దారిలో కాలినడక

నెల్లూరు తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఒక బృందం నడక

నెల్లూరు జిల్లా పటం ముందేసుకుని తూర్పు అంచు చూడండి. సముద్రానికి కాస్త ఇవతల, తీరాన్ని అంటిపెట్టుకుని ఒక సన్నటి నీలిగీత ఉంటుంది. ఇక్కడి నదులన్నీ పడమటి నుంచి తూర్పుకు పారితే ఆ గీత ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. పెన్నను దాటుతుంది, కండలేరును దాటుతుంది, స్వర్ణముఖిని దాటుతుంది, పులికాట్ సరస్సులో కలిసి అవతల మళ్లీ బయటపడి మద్రాసు చేరుతుంది. అదే బకింగ్‌హాం కాలువ. చీరాల దిగువన పెదగంజాం దగ్గర మొదలై మద్రాసు దాకా 315 కిలోమీటర్లు, అక్కడి నుంచి తమిళనాట మరక్కాణం దాకా మరో 103 కిలోమీటర్లు. వందేళ్లకు పైగా ఈ తీరానికి ఇదే పెద్ద రస్తా. ఇప్పుడు సరుకు పడవలు లేవు, లాకులు పనిచేయవు. గట్టు మాత్రం చాలాచోట్ల నిలిచే ఉంది.

దూరాలు నడవాలనుకునే వాళ్లు ప్రపంచమంతటా వెతికేది ఇలాంటి దారినే. మూతపడ్డ రైలుమార్గాలంటే నడకరులకు ప్రాణం. పెద్ద ఎక్కుడుదిగుడు ఉండదు, వాహనాల బెడద ఉండదు, ఊరి వెనక నుంచి పోతుంది కాబట్టి ఊరి అసలు ముఖం కనిపిస్తుంది. స్పెయిన్ 1993 నుంచి పాత రైలుకట్టలను ‘పచ్చబాటలు’గా మార్చుకుంటూ వస్తోంది. అమెరికాలో ఈ పని కోసమే పుట్టిన సంస్థలున్నాయి. మన దగ్గర బతికున్న పట్టాల మీద నడవడం ప్రాణాంతకం, చట్టరీత్యా నేరం కూడా. నల్లమలలో దొరబావి వంతెన దగ్గర మీటర్‌గేజ్ కాలం నాటి దారి ఒకటి ఉంది గానీ అది దట్టమైన అడవి, పులులు తిరిగే చోటు. ఇష్టమొచ్చినట్టు వెళ్లేది కాదు. నెల్లూరు తీరానికి పాత రైలుకట్ట లేదు. అంతకంటే పాతది, అంతకంటే పొడవైనది ఈ కాలువ గట్టు ఉంది. పైగా ఈ కాలువ మూతపడటానికి మొదటి కారణం కూడా రైలే.

మేం నడిచింది ఆ గట్టు మీదే. మాలో బడిపంతుళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన్ని అందరం సార్ అనే పిలిచాం. దారిలో ఎవరు ఏం అడిగినా ఆయనే జవాబు.

గట్టు ఎందుకంత వెడల్పు?

విడవలూరు మండలం రామతీర్థం దగ్గర గట్టెక్కగానే ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. మామూలు పంటకాలువ గట్టు ఇంత చదునుగా, ఇంత వెడల్పుగా ఉండదు కదా అని. సార్ నవ్వి, “ఇది మనుషులు నడవడానికి కట్టిన గట్టేరా అబ్బయ్యా” అన్నారు. గాలి అనుకూలంగా ఉంటే పడవకు తెరచాప ఎత్తేవాళ్లు. గాలి పడిపోతే గెడ వేసేవాళ్లు. అదీ చాలకపోతే ఇద్దరు ముగ్గురు గట్టెక్కి, నడుముకో భుజానికో తాడు కట్టుకుని, సరుకుతో నిండిన పడవను లాక్కుంటూ నడిచేవాళ్లు. అంటే ఈ దారిలో మైళ్లకు మైళ్లు నడిచిన మొదటి బృందాలు వాళ్లవి. మనం సరదాకు నడుస్తున్నాం. వాళ్లు బరువు లాగుతూ నడిచారు. ఆ సంగతి విన్నాక మాలో సంచి బరువని ఎవరూ అనలేదు.

కాలువ కథ 1806లో మద్రాసులో మొదలైంది. బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి సొంత డబ్బుతో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా పదకొండు మైళ్లు తవ్వించాడు. మొదట దాని పేరు కాక్రేన్ కాలువే. 1837లో సర్కారు దాన్ని తీసుకుని ఉత్తరంగా పొడిగిస్తూ వచ్చింది. పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం, ఆపైన పెన్న దాటి పెదగంజాం. తీరమంతా సహజంగా ఉన్న ఉప్పుటేళ్లను, మడుగులను ఒకదానితో ఒకటి కలుపుతూ పోవడమే ఇంజినీర్లు చేసిన పని. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ వచ్చి కలవడంతో కృష్ణా డెల్టాకు, దాని మీదుగా ఏలూరు కాలువ పట్టుకుని గోదావరి డెల్టాకు, కాకినాడకు దారి పడింది. కాకినాడలో పడవెక్కితే సముద్రం మొహం చూడకుండానే మద్రాసులో దిగొచ్చు. ఉత్తరాన ఉన్న డెల్టాల నుంచి బియ్యం, మన తీరం నుంచి ఉప్పు, ఎండుచేపలు, సున్నానికి గుల్ల, శ్రీహరికోట నుంచి వంటచెరకు. ఇవన్నీ మద్రాసు చేరింది ఈ నీటి మీదే.

నీళ్లు ఉప్పువి. పోటుకు పెరుగుతాయి, పాటుకు తగ్గుతాయి. అందుకే ఈ కాలువ కింద ఒక్క ఎకరం కూడా సాగు కాదు. మన రైతులకు కాలువంటే పంట కాబట్టి, దీన్ని ‘మన కాలువ’ అని ఎవరూ గట్టిగా అనుకోలేదేమో అనిపిస్తుంది నాకు. పెన్న కాలువకు గండి పడితే ఊరంతా పరుగెత్తుతుంది. ఈ కాలువకు గండి పడితే పట్టించుకునే వాళ్లు పడవల వాళ్లు మాత్రమే. ఆ పడవలూ పోయాయి.

పెన్న దగ్గర

ఊటుకూరు దాటాక పెన్న మొగ. ఇక్కడ నడక ఆగిపోతుంది. నది వెడల్పు, ఇసుక మేటలు, పోటు సమయం, అన్నీ తెలిసిన స్థానికుల పడవ మీద తప్ప అవతలికి పోవడానికి లేదు. పడవ కోసం చూస్తూ కూర్చున్నప్పుడు సార్ లాకు పని చెప్పారు. వరదొచ్చినప్పుడు నదినీళ్లు కాలువలోకి ఎగదన్నితే గట్లు తెగుతాయి, ఇసుక పూడుతుంది. అందుకని కాలువ నదిని దాటేచోట ఇటూ అటూ లాకులు కట్టారు. పడవ లాకు తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు. షట్టరు ఎత్తి ముందున్న నీటిమట్టానికి తొట్టి నీళ్లను సమం చేస్తారు. అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. కరెంటు లేదు, ఆవిరి లేదు. నలుగురు మనుషులు, నీటి బరువు, అంతే. కాలేజీ పిల్లలు ఆ మాటలు విని ఇసుకలో గీతలు గీసుకుని, ముందు ఏ తలుపు, తర్వాత ఏ తలుపు అని వాదించుకున్నారు. క్లాసులో చెబితే ఇంత శ్రద్ధగా వినేవాళ్లా అని ఒక పంతులుగారు ముచ్చటపడ్డారు.

పెన్న అవతల గంగపట్నం, ఆపైన మైపాడు. నెల్లూరు వాళ్లకు మైపాడంటే ఆదివారం సముద్రం. కారులోనో బస్సులోనో వచ్చి, చివర్లో ఒక వంతెన దాటి, నేరుగా అలల దగ్గరికి పోతారు. ఆ వంతెన కింద ఉన్నదే బకింగ్‌హాం కాలువ. దాన్ని ఇన్నేళ్లుగా దాటుతూ వచ్చిన వాళ్లలో మేమూ ఉన్నాం. పక్కకు తిరిగి ఆ గట్టు మీద నడవొచ్చని చాలామందికి తోచదు.

మైపాడు నుంచి దక్షిణంగా కోడూరు వైపు పోయే గట్టు ఈ తీరంలో నాకు బాగా నచ్చిన ముక్క. ఎడమ చేతి వైపు సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రపు హోరు. కుడి చేతి వైపు తాటిచెట్లు, రొయ్యల గుంటలు, దూరంగా వరిపొలాలు. మధ్యలో కాలువ. నీటికాకులు రెక్కలారేసుకుని గుంజల మీద కూర్చుని ఉంటాయి. జాలర్ల పట్టపుపాలేల దగ్గర చిన్న పడవలు కట్టేసి ఉంటాయి. సరుకు రవాణా ఆగినా పీతల కోసం, చేపల కోసం ఈ నీళ్లలో వల వేసేవాళ్లు ఆగలేదు. ఒక పాలెంలో పొద్దున్నే పులిబొంగరాలు వేస్తున్న అవ్వ మా గుంపును చూసి, “యాడికి పోతుండారు నాయనా ఇంతమంది? బస్సుందిగా!” అంది. కాలువ వెంట నడిచి పోతున్నామంటే నమ్మలేదు. నమ్మాక, “మా నాయన చిన్నప్పుడు ఇట్నే పడవలో మద్రాసుకు పొయ్యొచ్చినాడంట. మేం చూళ్లేదు” అని చెప్పి, పులిబొంగరాలు ఇంకో వాయి వేసింది.

ఒక్కడే నడిస్తే ఆ అవ్వ పలకరించేది కాదు. ఒంటరి మనిషి గట్టు మీద కనిపిస్తే సర్వేకి వచ్చాడా, భూమి కొనడానికి వచ్చాడా అని అనుమానంగా చూస్తారు. పాతికమంది కలిసి, ఆడవాళ్లు, పిల్లలతో వస్తే ఊరు దగ్గరికొస్తుంది. మనకు బృందంగా నడవడం కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరింది పెద్ద పరివారంతోనే. మరుసటి ఏడు తిరిగి వస్తూ ఆయన మన కోస్తా జిల్లాల మీదుగానే మద్రాసు చేరాడు. అప్పటికి ఈ కాలువ ఇంకా ఎన్నూరు దాటలేదు. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి అని ఆయన రాసి పెట్టుకున్నట్టు ఈ గట్టుకూ ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

ధాత కరువు, దొర పేరు

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కాల్చిన కరువును మనవాళ్లు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. కరువు పనుల కింద సర్కారు చేపట్టినవాటిలో ఈ కాలువ తవ్వకం ఒకటి. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క 1877–78లో అలా తవ్విందే. ఆ రోజుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు కూలిని కుదించాడు: మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే నాలుగున్నర వందల గ్రాములు. మన్ను తవ్వే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. 1878లో కాలువకు పేరు పెట్టే సమయం వచ్చింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం అండ్ చాండోస్ డ్యూక్ పేరు పెట్టారు. తట్టలు మోసిన వాళ్ల పేర్లు మనకు దొరకవు. కానీ వాళ్లు పోసిన మన్ను గట్టయి నిలిచింది. దాని మీద నడిచేటప్పుడు ఆ కూలి లెక్క పిల్లలకు చెప్పడం మా బాధ్యత అనుకున్నాం, చెప్పాం.

కృష్ణపట్నం దగ్గర గట్టు పట్టుకుని నడవడం కుదరదు. 2008లో మొదలైన ఓడరేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, బొగ్గు లారీలు. రోడ్డెక్కి చుట్టు తిరగాల్సిందే. రేవు వద్దని నేననను. కండలేరు మొగ దగ్గర ఓడలు ఆగే చోటు ఈనాటిది కాదు. కానీ అంత పెద్ద రేవు కట్టిన చోట పాత జలమార్గాన్ని ఒక పక్కన కాపాడుకోవడం అసాధ్యమేమీ కాదని నడిచిన ప్రతివాడికీ తోస్తుంది.

ఇంకా దక్షిణాన దుగరాజపట్నం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ తీరం మాత్రం నెల్లూరు తీరమే. ఇంగ్లీషు వాళ్ల కాగితాల్లో దీని పేరు ఆర్మగాన్. 1620ల్లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టి కోట కట్టుకుంది. కోరమాండల్ తీరంలో వాళ్లు కట్టుదిట్టం చేసుకున్న మొదటి స్థావరం ఇదేనంటారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే వ్యాపారం సాగక ఇంకో చోటు వెతుక్కుంటూ పోయి 1639లో మద్రాసపట్నం దగ్గర స్థలం సంపాదించాడు. చెన్నై మహానగరం పుట్టుక వెనక ఈ చిన్న ఊరుందన్న మాట. తర్వాత రెండు వందల ఏళ్లకు ఆ మద్రాసు నుంచే కాలువ మళ్లీ ఈ ఊరికి వచ్చింది.

శ్రీహరికోట దాకా నడవాలని మా పిల్లల కోరిక. అక్కడ నుంచి మద్రాసు పొయ్యిలకు కట్టెలు పోయాయి. ఆ కట్టెలతో పాటు, ఆ అడవే ఇల్లుగా బతికిన యానాదుల కష్టమూ పోయింది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ కేంద్రం కోసం యానాదుల కుటుంబాలు దీవి వదిలి ఇవతలి ఊళ్లలో సర్దుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అది భద్రతా ప్రాంతం, ఇష్టానికి నడవడానికి వీల్లేదు. మా నడకకు అక్కడ హద్దు పడింది.

రైలు వచ్చింది, పడవ ఆగింది

ఎ.ఎస్. రస్సెల్ అనే ఇంజినీరు ఈ కాలువ నిర్మాణ చరిత్రను పుస్తకంగా రాశాడు. 1898లో అచ్చయింది. మరుసటి ఏడాదే, 1899లో, మద్రాసు నుంచి బెజవాడకు నెల్లూరు మీదుగా రైలు నేరుగా కలిసింది. కాలువలో రోజుల తరబడి పట్టే సరుకు రైల్లో ఒక రాత్రికి చేరసాగింది. అయినా పడవ వెంటనే చావలేదు. ఉప్పు, కట్టెలు, గుల్ల లాంటి చవక సరుకు, తొందర లేని సరుకు, ఇంకో అరవై డెబ్బై ఏళ్లు నీటి మీదే నడిచింది. ఆఖరి దెబ్బ గాలివానలు కొట్టాయి. 1965, 1966, 1976 తుపాన్లకు గట్లు తెగాయి, కాలువ పూడింది, లాకులు దెబ్బతిన్నాయి. అప్పటికి లారీలొచ్చేశాయి. బాగు చేయాలన్న పట్టుదల ఎవరికీ లేకపోయింది.

రైలుకూ అదే గతి పట్టిన చోటు మన జిల్లాలోనే ఉంది. బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల ఊరు. పెద్ద లోకోషెడ్, వందల కుటుంబాలు. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ షెడ్ వైభవం పోయింది.

పని లేని కాలువ ఒకరోజు గొప్ప పని చేసింది. 2004 డిసెంబరు 26 సునామీ అలలు తీరం దాటి లోపలికి వచ్చినప్పుడు చాలాచోట్ల ఆ నీళ్లు కాలువలో పడి నిండాయి, పది పదిహేను నిమిషాల్లో మళ్లీ సముద్రంలోకి వెనక్కి పోయాయి. ఆంధ్ర తీరంలో బకింగ్‌హాం కాలువ జనాన్ని కాపాడిందని హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్త ‘కరెంట్ సైన్స్’ పత్రికలో మరుసటి ఏడు రాశారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపానును చూసిన వాళ్లు ఈ తీరంలో ఇంకా ఎందరో ఉన్నారు. సముద్రానికీ ఊరికీ మధ్య ఒక నీటి కందకం ఉండటం విలువ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత విలువైనదాన్ని ఏం చేస్తున్నాం? కొన్నిచోట్ల గట్టును రొయ్యల గుంటలు కొరుక్కుతిన్నాయి. గట్టు కాస్తా గుంట కట్ట అయిపోయింది. ఇంకొన్నిచోట్ల సర్కారు తుమ్మ ఎంత దట్టంగా పెరిగిందంటే కత్తి లేనిదే అడుగు పడదు. కాలువలోకి గుంటల మురుగు వదులుతున్న గొట్టాలు కళ్లారా చూశాం. కాగితం మీద మాత్రం ఇది 2008లో ప్రకటించిన నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో భాగం. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరి, కృష్ణ కలిపి అప్పట్లో 1,078 కిలోమీటర్లు. మొదటి దశ పనులు ముక్త్యాల–విజయవాడ మధ్య కృష్ణా నదిలో చేపట్టారు. నెల్లూరు తీరంలో మేం చూసినంత మేర జలమార్గం జాడ లేదు.

ఒక జడ్జిగారి నడక

అమెరికాలో పొటోమాక్ నది పక్కన ఇలాంటి కాలువే ఒకటుంది. చెసపీక్ అండ్ ఒహాయో కాలువ. 1828 జూలై 4న దాని తవ్వకం మొదలైన రోజే బాల్టిమోర్‌లో పోటీ రైలుమార్గానికీ శంకుస్థాపన జరిగింది. రైలు గెలిచింది. 1924 వరదల తర్వాత కాలువ మూతపడింది. 1950ల్లో దాని మీద మోటారు రోడ్డు వేయాలన్నారు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ పథకాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకు ఉత్తరం రాశాడు: నాతో కలిసి ఆ కాలువ వెంట నడవండి, తర్వాత మీ అభిప్రాయం చెప్పండి అని దాని సారాంశం. 1954 మార్చిలో కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా, దాదాపు మూడువందల కిలోమీటర్లు, ఎనిమిది రోజులు. 58 మంది మొదలుపెడితే మొత్తం దూరం నడిచింది తొమ్మిదిమందే. పత్రిక తన మాట మార్చుకుంది. రోడ్డు పథకం వెనక్కిపోయింది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది. పడవలు లాగిన కంచరగాడిదల బాట మీద ఇప్పుడు ఏటా లక్షలమంది నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు.

మన కాలువ దానికంటే పొడవు. పక్కనే సముద్రం. మైపాడు, రామతీర్థం, తుమ్మలపెంట తీరాలు, పులికాట్ రాజహంసలు. ఇన్ని ఒకే దారిలో ఉన్న చోటు ఇంకెక్కడుంది? దీనికి కోట్లు పోయాల్సిన పని లేదు. ముందు రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి గట్టు హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. మైపాడు–కోడూరు లాంటి ఒక్క ముక్కలో ముళ్లకంప కొట్టించి, మంచినీళ్లు, నీడ ఏర్పాటు చేస్తే చాలు, జనం తామే వస్తారు. వచ్చిన జనానికి అన్నం పెట్టేది, ఏరు దాటించేది, దారి చూపేది పాలేల వాళ్లు, యానాదుల పిల్లలు కావాలి. బయటి కాంట్రాక్టరు వచ్చి గేటు పెట్టి టికెట్టు కొట్టే పద్ధతి వద్దే వద్దు. గట్టు మీద మనుషులు నడుస్తున్నంత కాలం దాన్ని రాత్రికి రాత్రి గుంటలో కలిపేసుకోవడం ఎవరికైనా కష్టమే.

నడవాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. ఈ తీరానికి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ, తుపాన్లూ అప్పుడే. కాబట్టి సంక్రాంతి తర్వాత, శివరాత్రి లోపు బయల్దేరండి. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా నీడ పట్టండి. కాలువ నీళ్లు ఉప్పువి, తాగేనీళ్లు మీరే మోసుకెళ్లండి. ముళ్లకు తట్టుకునే బూట్లు వేసుకోండి. గుంటల మీదుగా పోవాల్సి వస్తే కాపలావాళ్లను అడిగి పొండి. పెన్న మొగను ఈదో నడిచో దాటే ప్రయత్నం చేయొద్దు. ఊటుకూరు వైపు పడవవాళ్లను ముందురోజే మాట్లాడుకుని, పోటు సమయం వాళ్లనే అడిగి, వాళ్లు చెప్పిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.